నీళ్ళ నరసక్క

నరసక్క ఇంటి ముందు ఎవరు నిలబడినా మొదట బయటికి వచ్చేది నరసక్క కాదు, ఆమె చేతిలోని నీళ్ళ చెంబు. ఆ తర్వాతే మనిషి, ఆ తర్వాతే "ఎవురప్పా, ఏం పని?" అనే మాట. దాహంగా ఉందా లేదా అని అడిగే అలవాటు ఆమెకు లేదు. ఓట్ల కోసం వచ్చినవాడు తాగాలి, ప్లాస్టిక్ బిందెలు అమ్మేవాడు తాగాలి, కరెంటు పీకేయడానికి వచ్చిన లైన్‌మన్ కూడా ముందు తాగి తర్వాతే స్తంభం ఎక్కాలి. ఒకసారి పక్కింటి సుబ్బక్కతో తగవు పడి, ఇద్దరూ నోళ్ళు ఎండిపోయేదాకా తిట్టుకున్నాక, నరసక్క లోపలికి పోయి చెంబు తెచ్చి సుబ్బక్క చేతిలో పెట్టిందట, తాగి తిట్టుకో అని. కర్ణాటక అంచున ఉన్న పావగడ తాలూకాలో వానలు మొహం చాటేసి, బోర్లు ఒక్కొక్కటిగా గాలి కక్కుతున్న ఏళ్ళవి. ట్యాంకరు వచ్చిన రోజు బిందె కోసం ఆడవాళ్ళు జుట్లు పట్టుకునేవారు. అలాంటి ఊళ్ళో ఇలా నీళ్ళు పంచే మనిషిని చూసి జనం నవ్వకుండా ఉంటారా? నీళ్ళ నరసక్క అని పేరు పెట్టేశారు. ఆ పేరుకు ఆమె కోప్పడలేదు, మురిసిపోనూ లేదు.

నిజానికి ఆమె పుట్టుకతో కొంచెం పిసినారి. అగ్గిపుల్లను చీల్చి రెండుగా వాడిన మనిషి. ఈ నీళ్ళిచ్చే గుణం ఒక మధ్యాహ్నం వచ్చి ఆమెను పట్టుకుంది, ఇక వదల్లేదు.

ఆమె పుట్టింది వల్లూరులో. తండ్రి గంగప్ప వేరుశనగ రైతు, అంటే వాన పడిన ఏడు రైతు, పడని ఏడు కూలి. నరసక్క చిన్నపిల్లగా ఉన్నప్పుడు, పీకిన వేరుశనగ చెట్లను బండికెత్తి, పైన కూర్చుని ఇంటికి వస్తుంటే బండి ఒరిగి గంగప్ప రాళ్ళ మీద పడ్డాడు. బతికే ఉన్నాడు, మాట్లాడాడు, నీళ్ళు అడిగాడు. దారిన పోయే పుణ్యాత్ముడెవరో ముంత ఎత్తి పోశాడు. తాగుతూ తాగుతూనే ప్రాణం పోయింది. నడుం విరిగి పోయాడో, లోపల రక్తం కారి పోయాడో ఎవరికి తెలుసు? తల్లి ఆంజినమ్మ మాత్రం నీళ్ళే చంపాయని నమ్మింది. చచ్చేదాకా కూతురికి అదే చెప్పింది.

"దెబ్బ తిన్నోనికి నీళ్ళు పొయ్యగూడదు మ్మే. లోపలికి పోయి గుండెను పట్టుకుంటాయి. కొంగు తడిపి పెదాలకు అద్దల్ల, అంతే."

ఆ సీమలో అది ఆంజినమ్మ ఒక్కదాని నమ్మకం కాదు. చెట్టు మీద నుంచి పడినా, ఎద్దు కుమ్మినా, పాము కరిచినా ముందు నీళ్ళ కుండ దాచేస్తారు, తర్వాత బండి కడతారు. నరసక్కకు ఉగ్గుపాలతో వచ్చిన మాట అది.

తండ్రి పోయాక తల్లి కూలికి పోతుంటే, తమ్ముడు చిన్నరంగప్పను చంకలో వేసుకుని పెంచింది నరసక్కే. పావగడ నుంచి ఆంధ్రా సరిహద్దు వైపు పోయే రోడ్డు పక్కన, గుట్ట కింద ఒక పాత సర్కారు బంగళా ఉండేది. దానికి వాచ్‌మన్‌గా ఉన్న సుంకన్నకు ఆమెను ఇచ్చి పెళ్ళి చేశారు. పెళ్ళికూతురి వెంట తమ్ముడు కూడా కాపురానికి వచ్చాడని బంధువులు ఎగతాళి చేసేవారు. సుంకన్న నోట్లో నాలుక లేని మనిషి. బంగళాకు వచ్చే ఆఫీసర్లకు కూజాలో నీళ్ళు నింపి పెట్టడం, పక్కలు దులపడం ఆయన పని, వండి పెట్టడం ఆమె పని. కరువు ఎంతుందో చూసిపోవడానికి బెంగళూరు నుంచి పెద్దలు వచ్చి, నాటుకోడి పులుసు తిని, కరువు బాగానే ఉందని రాసుకుని పోయేవారు. బంగళా వెనక చిన్న గదిలో సుంకన్న తన రెండెకరాలకు కావలసిన విత్తనాల వేరుశనగ కాయలు మూటలు కట్టి దాచుకునేవాడు. జీవితం అలా ఎండుతూ తడుస్తూ సాగిపోతోంది.

చిన్నరంగప్ప పెద్దవాడై ప్రైవేటు బస్సులో కండక్టరయ్యాడు. సంచి భుజాన వేసుకుని ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ, బంగళా ముందు నుంచి పోయేటప్పుడు అక్క కోసం విజిల్ వేసేవాడు. ఆ విజిల్ వినపడితే నరసక్క చేతిలో పని ఆపి గేటు దాకా పరుగెత్తేది.

అప్పట్లో సరిహద్దుకు అటూ ఇటూ అన్నలు తిరుగుతున్నారని చెప్పుకునేవారు, వాళ్ళ కోసం పోలీసులు తిరుగుతున్నారని కూడా. ఒక ఉదయం పోలీసు జీపు కోసమని రోడ్డు కల్వర్టు కింద ఎవరో బాంబు పెట్టారు. జీపు రాలేదు. చిన్నరంగప్ప బస్సు వచ్చింది. ముందు సీట్లో ఉన్న ఒక ముసలాయన, ఒక పసిబిడ్డ అక్కడికక్కడే పోయారు. ఫుట్‌బోర్డు మీద ఉన్న చిన్నరంగప్పకు కుడికాలు మోకాలి కింద నుంచి లేకుండా పోయింది. ఆస్పత్రిలో తెలివి వచ్చాక వాడు మొదట అడిగింది, "అక్కా, నా ఇంకో చెప్పు యాడ పాయ?" అని. నరసక్క గోడకు తల బాదుకుంది. ఆ బాంబు పెట్టినవాడి చేతులు పుచ్చిపోవాలని, వాడి నోట పురుగులు పడాలని, ఎన్ని శాపనార్థాలు ఉన్నాయో అన్నీ పెట్టింది.

ఆ మరుసటి వేసవిలో స్పెషల్ పార్టీ వాళ్ళు బంగళాలో దిగారు. ఏ ఊరి పోలీసులో, ఏ జిల్లా వాళ్ళో ఎవరికీ తెలియదు. వాళ్ళకు దారులు చూపించడానికని మన వైపు కానిస్టేబులు శ్రీరామప్ప ఒక్కడు వెంట ఉన్నాడు. జీపు వెనక నుంచి ముఖాన తువ్వాలు కప్పిన మనిషిని దించి, వెనక గదిలోకి నడిపించారు.

"సార్, ఆ రూములో మా ఇత్తనాల కాయలుండాయి" అన్నాడు సుంకన్న. ఆయన బతుకులో సర్కారుకు అడ్డం చెప్పిన మాట అదొక్కటే. మూటలు వరండాలో వచ్చి పడ్డాయి.

శ్రీరామప్ప వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "నరసక్కా, నోరు మూసుకోని వంట చెయ్యి. ఆ బస్సు కేసోడు వీడే. నీ తమ్ముని కాలు తీసినోడు. వీడు ఈడ ఉండాడని ఎవురికీ తెలీగూడదు."

"కోర్టుకు పెట్టరా?"

"పెడతార్లే. ముందు మాట్లాడిచ్చల్ల గదా."

నరసక్క సంతోషపడింది. ఆ మాట దాచాల్సిన పనేమీ లేదు, ఆమె కూడా ఎప్పుడూ దాచలేదు. దేవుడు వాణ్ణి తన వంటింటి పక్కకే తెచ్చి పడేశాడనుకుంది. వెనక గది నుంచి మొదటి కేక వినపడినప్పుడు, ఇంకొకటి పడనీ అనుకుంది. పడింది. ఆ తర్వాత కూడా పడుతూనే ఉంది.

మరుసటి రోజుకు ఆ సంతోషం ఎటు పోయిందో తెలియలేదు. చెవుల్లో పడకుండా ఉండాలని రోట్లో మిరపకాయలు వేసి దంచడం మొదలుపెట్టింది. మిరపకాయలు అయిపోయాయి. ఖాళీ రోట్లోనే రోకలి వేస్తూ కూర్చుంది. సుంకన్న గేటు దగ్గర రోడ్డు వైపు తిరిగి, రెండు చెవులూ చేతులతో మూసుకుని ఉన్నాడు. తమ్ముడి కాలు గుర్తు తెచ్చుకుని మళ్ళీ కోపం రప్పించుకుందామని చూసింది నరసక్క. కోపం వచ్చేది, ఇంకో కేక వినపడగానే చెదిరిపోయేది. మనిషిని ఇంత కొట్టవచ్చా, కొట్టాక ఇంకా మనిషి మిగులుతాడా అని ఆమెకు భయం పట్టుకుంది.

ఆ మధ్యాహ్నం పార్టీ వాళ్ళు భోంచేసి ముందు వరండాలో నడుం వాల్చారు. వెనక గది తలుపు దగ్గర ఉండాల్సిన శ్రీరామప్ప బీడీ కాల్చుకోవడానికి అటు పోయాడు. పొద్దున పెట్టిన కంచం తెచ్చుకుందామని నరసక్క చేతిలో నీళ్ళ చెంబుతో వెనకవైపు వెళ్ళింది. తలుపు ఓరగా ఉంది. కంచంలో సంగటి ముద్ద పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆ మనిషి నేల మీద పక్కకు తిరిగి పడి ఉన్నాడు. తువ్వాలు జారిపోయింది. ఇరవై దాటాయో లేదో. ఎడమ కనుబొమ్మను రెండుగా చీలుస్తూ పాత మచ్చ. అరికాళ్ళు బూరెల్లా ఉబ్బి నల్లబడ్డాయి. ఆ కాళ్ళతో నిలబడటం కూడా ఆ దేవుడికే సాధ్యం కావాలి. పెదాలు పొక్కులెక్కి, ఎండిన చెరువు మట్టిలా పగిలి ఉన్నాయి.

కళ్ళు తెరిచి ఆమెను కాదు, చెంబును చూశాడు.

"అక్కా, రవన్ని నీళ్ళు."

నరసక్క చెయ్యి ముందుకు పోయింది. పోయినది ఆగింది. "ఇప్పుడు గాదప్పా. దెబ్బలు తిన్నోడు నీళ్ళు తాగగూడదు. సాయంత్రం గంజి కాంచిస్తా" అంది.

"అక్కా" అన్నాడు మళ్ళీ, అంతే.

ఆమె కంచం తీసుకుని వచ్చేసింది. గంజి మాత్రం శ్రద్ధగా కాచింది, ఉప్పు సరిగ్గా వేసి, గోరువెచ్చగా ఆరబెట్టి. పొద్దు వాలుతుండగా గిన్నె పట్టుకుని వెళ్ళేసరికి గది తలుపు బార్లా తెరిచి ఉంది. నేల కడిగేసి ఉంది. తడి ఇంకా ఆరలేదు. ఆ గదికి అన్ని బిందెల నీళ్ళు పోశారు. జీపు లేదు.

"యాడికి తీసకపాయిరి?" అని శ్రీరామప్పను అడిగింది.

"తప్పిచ్చుకోని పాయ" అన్నాడు శ్రీరామప్ప, ఆమె ముఖం చూడకుండా.

ఆ కాళ్ళతోనా అని అడగలేదు నరసక్క. సరిహద్దు అవతల రాళ్ళ గని గుంతలో గుర్తు తెలియని శవం దొరికిందనీ, ఎవరూ రాకపోతే పోలీసులే దహనం చేసేశారనీ ఆ వారం సంతలో చెప్పుకున్నారు.

అప్పటి నుంచి మొదలైంది. బోరింగు కొడుతుంటే నీళ్ళు పడే చప్పుడు వెనక "అక్కా" అని వినపడేది. కుండలో చెంబు ముంచితే బుడగల శబ్దంలో వినపడేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. విభూతి పెట్టించుకుంది, సుంకులమ్మ గుళ్ళో తాయెత్తు కట్టించుకుంది, కోడిని కూడా కోసింది. ఆ గొంతు కోపంగా ఉండి ఉంటే ఏదో దయ్యమనుకుని భయపడి ఊరుకునేది. అది మర్యాదగా అడుగుతుంది, పక్కింటివాళ్ళు చేబదులు అడిగినట్టు. అదే ఆమెను చంపేది. వెనక గదిలో దాచిన కాయలను ఆ ఏడు విత్తనానికి వాడనివ్వలేదు. సుంకన్న ఎంత మొత్తుకున్నా వినలేదు, అన్నీ గానుగకు పోశారు.

అన్నిటికంటే ఆమెను నిద్ర పోనివ్వని సంగతి ఇంకొకటి ఉంది. దెబ్బ తిన్నవాడికి నీళ్ళు పోయకూడదు, సరే. కానీ తల్లి చెప్పిన మాటలో రెండో సగం ఉంది కదా. కొంగు తడిపి పెదాలకు అద్దాలి. చెంబు చేతిలోనే ఉంది, కొంగు భుజం మీదే ఉంది. ఎందుకు తడపలేదు? నీళ్ళిస్తే చచ్చిపోతాడని ఆగిన చెయ్యి అయితే కొంగు తడిపి ఉండేది. మరి తమ్ముడి కాలు గుర్తొచ్చి ఆగిందా? ఎంత తవ్వినా ఆ క్షణంలో తన మనసులో ఏముందో ఆమెకు దొరికేది కాదు.

కొన్ని నెలలు పోయాక ఒక ముసలామె బంగళా గేటు దగ్గరికి వచ్చింది. చంకలో గుడ్డసంచి, సంచిలో మూత బిగించిన నీళ్ళ సీసా. వచ్చినవాళ్ళకు నీళ్ళివ్వడం అప్పటికే నరసక్కకు అలవాటైపోయింది కాబట్టి చెంబు పట్టుకుని ఎదురెళ్ళింది.

"వద్దమ్మా" అంది ముసలామె. "నా పేరు దాసమ్మ. మాది ఆంధ్రా పక్క. నా కొడుకు హొన్నూరప్పను ఈ తాలూకాలో పట్టుకోని పాయిరి. యాడ పెట్టినారో చెప్పరు. పట్టుకోనే లేదంటారు, పరారీలో ఉండాడంటారు. వాని సంగతి తెలిసేదాంక ఈ సీమలో నీళ్ళు ముట్టను."

పగ ఉన్న ఇంట్లో నీళ్ళు ముట్టని పట్టింపు ఆ పల్లెల్లో అందరికీ ఉన్నదే. ఈ ముసలామె ఒక తాలూకా మొత్తాన్నీ పగ ఇల్లు చేసుకుని తిరుగుతోంది.

"ఎడం కనుబొమ్మ మింద మచ్చ ఉంటాది. చిన్నప్పుడు కొడవలి తగిలింది. చూసినావా తల్లీ?"

నరసక్క చేతిలో చెంబు ఒరిగి నీళ్ళు కాళ్ళ మీద ఒలికాయి. "మాకేం తెలీదమ్మా" అంది.

దాసమ్మ ఆ కాళ్ళ మీది నీళ్ళ వైపు ఒకసారి చూసి, సంచి సర్దుకుని, ఎండలో రోడ్డు పట్టుకుని వెళ్ళిపోయింది. కొడుకు బతికే ఉన్నాడన్న ఆశ ఆ నడకలో ఇంకా ఉంది. ఆ నడక చూసినప్పుడు నరసక్కకు తన మీద తనకు అసహ్యం వేసింది.

దాసమ్మ తరఫున లాయర్లెవరో బెంగళూరులో కేసు వేశారు, పట్టుకున్న మనిషిని కోర్టు ముందు నిలబెట్టండి అని. మేం పట్టుకోలేదని జవాబు వచ్చింది. నిజమేమిటో తేల్చమని ఏసీ సాహేబ్రుకు, అంటే అసిస్టెంట్ కమిషనరుకు, ఉత్తరువు అందింది. సాక్ష్యానికి రమ్మని బంగళా వాచ్‌మన్‌కూ, వాచ్‌మన్ పెళ్ళానికీ పిలుపు వచ్చింది. పిలుపు వెనకే శ్రీరామప్ప వచ్చాడు. నరసక్క చెంబు ఇచ్చింది. ఆయన తాగి, మూతి తుడుచుకుని, మంచిగానే మాట్లాడాడు.

"ఎవురూ రాల్యా, ఎవుర్నీ పెట్టల్యా అని చెప్పు నరసక్కా. లేకుంటే సుంకన్న పని పోతాది. నువ్వేమన్నా అనుకో, వాళ్ళను కోర్టుకు పెడితే ఏమైతాది? సాక్షికి వచ్చేదానికి ఒగనికీ గుండె ల్యా. మూడు నెల్లకు బెయిలు. మల్లా ఇంగో బాంబు. నాతో పనిచేసినోడు పోయినాడు, వాని పెండ్లాం బిడ్డల్ని ఎవురడిగినారు? మేం గూడా మనుషులమే గదా."

ఆ మాటలో అబద్ధం లేదు. అది నరసక్కకూ తెలుసు. సుంకన్నకు కావలసిందేమిటో ఆయన ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది.

ఇక మిగిలింది తమ్ముడు. చిన్నరంగప్ప బస్‌స్టాండు పక్కన బీడీలు, అరటిపళ్ళ అంగడి పెట్టుకుని, చంకకర్ర గోడకు ఆనించి కూర్చునేవాడు. వద్దక్కా, వాడు నా కాలు తీసినోడు, వాని కోసం నువ్వెందుకు మాట్లాడల్ల అంటాడని, అనాలని, ఆశపడుతూ పోయింది. జరిగిందంతా మొదటిసారి నోరు తెరిచి వాడికి చెప్పింది. నీళ్ళ సంగతి, కొంగు సంగతి కూడా.

చిన్నరంగప్ప గట్టిగా అరిచాడు.

"వాన్ని ఈడనే పెట్టుకోని, నాకు ఒగ మాట చెప్పల్యా?"

"ఎవురికీ చెప్పొద్దనిరి రా."

"అక్కా, ఆ పొద్దు బస్సు కల్వర్టు దాటేముందర ఒగడు ఆ గోడ మింద కూర్చోనుండాడు. నేను ఫుట్‌బోర్డు మింద ఉంటి. నా మొగం చూసినాడు, నేను వాని మొగం చూస్తి. ఈ పొద్దుకీ కండ్లు మూస్తే వాడే. పోలీసోళ్ళకు చెప్తి. పట్టుకున్నాంక పిలుస్తాం, గుర్తుపట్టుదువులే అనిరి. నేను కాచుకోనుండా. వాన్ని నా ముందర నిలబెట్టుంటే వాడేనా కాదా ఒగ్గ నిముషంలో చెప్దును." కాలు లేని వైపు లుంగీ అంచు సర్దుకున్నాడు. "వానికి కనుబొమ్మ మింద మచ్చ ఉండిందా ల్యాదా, నాకు గ్యాపకం రాలేదక్కా. చూస్తే చెప్దును. ఇప్పుడెట్ల తెలుస్తాది? వాడే అయితే నేను కోర్టులో చూడాల్సింది. కాకుంటే నా కాలు తీసినోడు ఇంగా యాడనో బీడీ కాలుస్తుండాడు. వాన్ని సంపి నా నోరు గూడా మూసిరి."

కాసేపటికి చంకకర్ర అందుకుంటూ, "నేనూ వస్తా పద" అన్నాడు.

విచారణ తాలూకాఫీసులో ఒక గదిలో జరిగింది. బల్ల వెనక ఏసీ సాహేబ్రు, పక్కన రాసుకునే గుమాస్తా, గోడవారగా శ్రీరామప్ప, మూలన నేల మీద దాసమ్మ, ఒళ్ళో ఆమె నీళ్ళ సీసా. సాహేబ్రు కన్నడంలో అడుగుతున్నాడు, నరసక్క తెలుగులో చెబుతోంది. ఒకరి మాట ఒకరికి అర్థమవుతూనే ఉంది, దాన్ని కాగితం మీద పెట్టలేక గుమాస్తా చెమటలు కక్కుతున్నాడు. జీపు వచ్చిన దగ్గర నుంచి చెప్పింది. తువ్వాలు, విత్తనాల మూటలు, కేకలు, కనుబొమ్మ మీది మచ్చ, ఉబ్బిన అరికాళ్ళు, అన్నీ చెప్పింది. మచ్చ మాట రాగానే మూలన సీసా దొర్లిన చప్పుడైంది. నరసక్క అటు చూడలేదు. చూస్తే మిగతాది చెప్పలేకపోయేది.

అక్కడితో ఆపేసినా సరిపోయేది. మనిషి అక్కడ ఉన్నాడని తేలిపోయింది, ఆమెను ఇంకేమీ అడగలేదు. కానీ ఆమె కుర్చీ పట్టుకుని నిలబడే ఉంది.

"ఇంగొగటుండాది సామీ. ఆ పిల్లోడు నన్ను నీళ్ళడిగినాడు. నేనియ్యల్యా."

గుమాస్తా కలం ఆగింది. ఎందుకివ్వలేదని సాహేబ్రు అడిగాడు.

"దెబ్బలు తిన్నోనికి ఇయ్యగూడదని మాయమ్మ చెప్పింది. అది ఒగటి. నా తమ్ముని కాలు ఒగటి. రెంట్లో ఏది నా చెయ్యి పట్టుకునిందో నాకు తెలీదు సామీ. కొంగన్నా తడిపి అద్దాల్సింది. అదీ చెయ్యల్యా." కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నా ఆమె గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "నేను వంటదాన్ని. నాకు కోపముంటాది, భయముంటాది, తెలిసీ తెలీనివి ఉంటాయి. మా బంగళాకు వచ్చిన సాహేబ్రులకు కూజాలో నీళ్ళు పెట్టేది మా ఇంటాయన డూటీ. పెట్టకుంటే మెమో ఇస్తారు. ఆ పిల్లోన్ని తెచ్చి పెట్టింది సర్కారు గదా. వానికి నీళ్ళు పెట్టేది ఎవురి డూటీ సామీ? నా అట్లాదాని చేతిలో ఎందుకు పెట్టిపోతిరి?"

సాహేబ్రు ఆ మాటను కూడా రాసుకోమని గుమాస్తాకు సైగ చేశాడు. శ్రీరామప్ప తల వంచుకుని నేల చూస్తున్నాడు.

ఆ విచారణ ఏమైందని ఎవరైనా అడిగితే, బెంగళూరుకు పోయింది, ఇంకా అక్కడే ఉందని చెప్పాలి. సుంకన్నను ఎక్కడో దూరపు బంగళాకు మార్చారు, ఆయన పోలేక పని మానుకున్నాడు. మొగుడూ పెళ్ళాలు వచ్చి ఊళ్ళో ఉన్న పాత ఇంట్లో దిగి, ఆ రెండెకరాల్లో వానను నమ్ముకుని కాయలు విత్తుకుంటున్నారు. శ్రీరామప్ప ఆ తర్వాత ఆమె ఇంటికి రాలేదు, ఆమె మీద చాడీ కూడా చెప్పలేదు.

ఆ రోజు సంగతి ఇంకొంచెం ఉంది. నరసక్క గదిలోంచి బయటికి వచ్చేసరికి దాసమ్మ వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. పక్క నుంచి దాటి పోదామనుకుంది నరసక్క.

"ఈడికి రా మ్మా" అంది దాసమ్మ.

నరసక్క వెళ్ళి కింద మెట్టు మీద కూర్చుంది. తిడుతుందని, కొడుతుందని కాచుకుంది. కొట్టినా బాగుండుననుకుంది.

"నా కొడుకు నీళ్ళడిగినప్పుడు నిన్నేమని పిలిచినాడు?"

"అక్కా అన్నాడమ్మా."

దాసమ్మ తల ఊపింది. ఊపుతూనే ఉంది. "వానికి అక్క ల్యా. తోడబుట్టినోళ్ళే ల్యా. ఊర్లో ఆడోళ్ళందర్నీ అక్కా అనేటోడు, చిన్నదైనా పెద్దదైనా. వాడే. ఇంగ వాడు రాడు."

మెట్ల ముందు ఎండ కాస్తోంది. బస్‌స్టాండు వైపు నుంచి కండక్టరు విజిల్ వినపడింది. మెట్ల కింద చిన్నరంగప్ప చంకకర్ర మీద ఆనుకుని అటు తిరిగి నిలబడ్డాడు. దాసమ్మ తన సీసా తీసి, మూత తిప్పి, తెచ్చుకున్న ఊరి నీళ్ళన్నీ మట్టిలో పారబోసింది. మట్టి వెంటనే పీల్చేసుకుంది.

"నాకు ఒగ చెంబు నీళ్ళియ్యి తల్లీ" అంది.

నరసక్క తాలూకాఫీసు కుండ దగ్గరికి పరుగెత్తి చెంబు ముంచి తెచ్చింది. దాసమ్మ రెండు చేతులా పట్టుకుని, దించకుండా సగం తాగింది. మిగిలిన సగం చూసింది, నరసక్క ముఖం చూసింది. తన చీర కొంగు ఆ చెంబులో ముంచి, పిండి, నరసక్క పెదాలకు అద్దింది.

నరసక్కకు ఆ గొంతు ఇప్పటికీ వినపడుతూనే ఉంటుంది.